పాతబండిలో శ్రీశైల యాత్ర

కొత్త వస్తువు కొన్నవాణ్ణి లోకం "ఎంతకు కొన్నావు?" అని అడుగుతుంది. పాత వస్తువు కొన్నవాణ్ణి "ఎవరిది?" అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేక మూడు నెలలపాటు నేను పడిన అవస్థా, ఆ జవాబు నల్లమల అడవి అంచున నాకు దొరికిన వైనమూ చదువరులకు మనవి చేద్దామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా ఊరు నరసరావుపేట. పక్క ఊరి డిగ్రీ కళాశాలలో పిల్లలకు తెలుగు చెబుతాను. ప్రబంధాల్లోని రథాల గురించి, గుర్రాల గురించి గంటసేపు ఉపన్యాసం ఇమ్మంటే ఇవ్వగలనుగాని, కారు బానెట్టు ఎత్తి చూపిస్తే నాకు కనిపించేది నలుపు ఒక్కటే. అటువంటివాణ్ణి కారు కొనవలసి రావడానికి కారణం మా అమ్మ మోకాళ్ళు.

అమ్మకు డెబ్భై నాలుగు. బస్సు మెట్టు ఎక్కలేదు. మామూలు చిన్న కార్లలో కూర్చోవాలంటే నడుము వంచాలి, మోకాళ్ళు ముడవాలి, దిగేటప్పుడు ఇద్దరు లాగాలి. ఒకనాడు ఎదురింటివారు తమ ఎత్తయిన కారులో అమ్మను ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. సీటు ఆమె నడుముకు సరిగ్గా అందింది. పక్కవాటుగా కూర్చుని, కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకుని, "ఒరేయ్, ఇది మన పాత ఇంటి అరుగులా ఉందిరా!" అన్నది. ఆ మాటతో నా మనస్సులో బండి ఖరారయింది.

ఇటువంటి బండ్లు మన రోడ్లమీద ఇన్ని తిరగడానికి ఒక రహస్యముంది. బండి పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను అయితే 1200 సీసీ, డీజిలు అయితే 1500 సీసీ మించకుండా ఉంటే పన్ను తక్కువ. అందుకని కంపెనీలు జీపు లాంటి ఎత్తును చిన్నకారు పొడవులో ఇమిడ్చి తయారుచేస్తున్నాయి. ఎత్తుకు ఎత్తు, సందుల్లో తిప్పుకోవడానికి వీలుకు వీలు. అయితే కొత్తదాని ధర మా ఇంటి లెక్కకు అందలేదు. మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజు ఏటా కట్టాలి. "పాతదే చూద్దాం లెండి. అత్తయ్యగారికి కావలసింది ఎత్తు గాని, కొత్తదనం కాదుగదా!" అన్నది మా ఆవిడ.

2024 సెప్టెంబరులో గుంటూరులో ఒక ఆటో కన్సల్టెన్సీకి వెళ్ళాను. 2017 నాటి డీజిలు బండి చూపించారు. తెల్లరంగు. మీటరు మీద 61,400 కిలోమీటర్లు. "సింగిల్ హ్యాండ్ సార్! డాక్టరుగారు ఆదివారాలు గుడికి వెళ్ళడానికి వాడుకున్న బండి" అన్నాడు షాపు యజమాని. ఆంధ్రదేశంలో అమ్మకానికి వచ్చిన ప్రతి పాతకారునూ ఒక డాక్టరుగారు ఆదివారాలు మాత్రమే వాడి ఉంటారని నాకు తరువాత తెలిసింది. మా వీధిచివర మెకానిక్కు "నన్ను కూడా తీసుకెళ్ళండి మేష్టారూ, పెడళ్ళు ఒకసారి చూస్తాను" అన్నాడు. ఎం.ఏ. చదివిన నేను ఒక అంకె చదవలేనా అనుకుని ఒంటరిగా వెళ్ళాను. అయిదు లక్షల నలభై వేలు చేతిలో పెట్టి వచ్చాను.

బండి చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పాలి. రోడ్డుమీద లీటరుకు పదిహేడు, పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చేది. మా వీధి గతుకులు దానికి లెక్కలోవి కావు. డిక్కీలో బస్తా బియ్యం, మామిడిపండ్ల బుట్ట, అమ్మ మడతకుర్చీ కలిసి పట్టేవి. పొద్దున్నే స్టార్టు చేస్తే డీజిలు ఇంజను మోత రెండిళ్ళ అవతలికి వినిపించేది. క్లచ్చి కాస్త గట్టిగా ఉండేది. బజారులో అరగంట నడిపితే ఎడమ మోకాలు నొప్పిపుట్టేది. "నీకూ నా జబ్బే వచ్చిందిరా" అని అమ్మ నవ్వేది. అరవై వేలు తిరిగిన బండికి క్లచ్చి అంత గట్టిగా ఉండకూడదని మెకానిక్కు ఒకటి రెండుసార్లు గొణిగాడు. నేను వినిపించుకోలేదు. కొన్న వస్తువు మీద అనుమానం రావడం మనకు ఇష్టముండదు గదా!

డిసెంబరులో అమ్మ ఒక కోరిక బయటపెట్టింది. "కార్తీకం వెళ్ళిపోయింది. జనం పల్చబడి ఉంటారు. ఒక్కసారి శ్రీశైలం చూపించరా. మీ నాన్నతో 1984లో వెళ్ళాను. వినుకొండ దాకా సీటు దొరకలేదు, నిలబడే వెళ్ళాం."

నలుగురం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాము. దక్షిణాన కోటప్పకొండ మసగ్గా కనబడుతుండగా ఊరు దాటాము. వినుకొండలో టీ తాగాము. సీతాపహరణ వార్తను రాముడు జటాయువు నోట విన్నచోటు గనక విన్నకొండ అయిందని ఊరివారి నమ్మకం. నాకు మాత్రం వినుకొండ అంటే జాషువాగారు పుట్టిన నేల. 1895లో ఇక్కడ పుట్టిన ఆ మహాకవి పేరు తలవకుండా తెలుగు మేష్టరు ఈ ఊరు దాటడం మర్యాద కాదు. మా అమ్మాయి "పాఠం మొదలయింది" అని కిటికీ వైపు తిరిగింది.

వినుకొండ దాటితే నేల రంగు మారుతుంది. మిరప తోటలూ పత్తి చేలూ పల్చబడి, రాళ్ళూ తుమ్మచెట్లూ ఎక్కువవుతాయి. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం మిగిలిన మూడు ద్వారాలు. పూర్వం యాత్రికులు ఏ దిక్కునుంచి వచ్చినా ద్వారపాలకుడైన స్వామికి మొక్కి లోపలికి అడుగుపెట్టేవారు. మేమూ కొండమీది త్రిపురాంతకేశ్వరుణ్ణీ, కింద చెరువులో వెలసిన బాలాత్రిపురసుందరినీ దర్శించుకుని ఎర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరాము.

దోర్నాలలోనే జరిగింది అసలు కథ.

ఊళ్ళోకి రాగానే ఎడమవైపు వెనక టైరు కూర్చుండిపోయింది. అదృష్టవశాత్తూ పంక్చరు షాపు పది గజాల దూరంలో ఉంది. షాపు కుర్రాడు డిక్కీలో చాప ఎత్తి స్టెపినీ తీశాడు. దాని అడుగున, జాకీ పక్కన, పాలిథిన్ సంచిలో చుట్టిన చిన్న నోటుపుస్తకం ఒకటి దొరికింది. "మీదేనా సార్?" అని చేతికిచ్చాడు.

అది నాది కాదు, అంతకు ముందు యజమానిది. గుండ్రని అక్షరాలతో, నీలిసిరాతో, డీజిలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు అంకె రాసుకున్నాడాయన. పక్కన ఒకటి రెండు మాటలు. 'పాప హాస్టలు'. 'తమ్ముడి గృహప్రవేశం'. 'శ్రీశైలం'. శ్రీశైలం అన్న మాట నాలుగుచోట్ల ఉంది. చివరి రెండు పేజీల్లో మాత్రం వరసగా ఒకటే మాట, 'ఆస్పత్రి'. ఆఖరు పద్దు 2024 జులై 14. మీటరు 1,18,640.

నేను వెళ్ళి బండి మీటరు చూశాను. 64,900.

లక్షా పద్దెనిమిది వేలు తిరిగిన బండిని అరవై ఒక్క వేలని నాకు అంటగట్టారు. నోటుపుస్తకం పట్టుకుని ఎండలో ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. పోయిన డబ్బుకన్నా, మెకానిక్కును వెంట తీసుకువెళ్ళని నా పాండిత్యం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"వెనక్కు పోదాం. ఈ బండితో ఘాటు రోడ్డు ఎక్కడం మంచిది కాదు" అన్నాను. మా ఆవిడ మాట్లాడలేదు. అమ్మ కారులోనుంచే "ఏమైందిరా?" అని అడిగింది. చెప్పాను.

"అంటే బండి వయసు తగ్గించి చెప్పారన్నమాట. నా వయసు అరవై అని నువ్వు కాగితం మీద రాయిస్తే నా మోకాళ్ళు ఒప్పుకుంటాయా? వాటికి అసలు వయసు తెలుసు. దీనికీ తెలిసే ఉంటుంది. ఇన్నాళ్ళూ నడిచిందిగా! చూసేవాడెవడికైనా చూపించు. నడవదంటే వెనక్కు పోదాం" అన్నది.

ఆ మాటలో నా చదువుకన్నా ఎక్కువ తర్కం కనబడింది. పంక్చరు షాపు పక్కనే మెకానిక్కు షెడ్డు ఉంది. ఆ పెద్దాయన చక్రాలు విప్పి చూసి, బ్రేకు ప్యాడ్లు సగం అరిగాయి గాని ఈ ప్రయాణానికి సరిపోతాయన్నాడు. బ్రేకు ఆయిలు, బెల్టులు, గొట్టాలు చూశాడు. బ్రేకు పెడలు రబ్బరు నాకు చూపించి, "అరవై వేలకు ఇంత నున్నగా అరగదు సార్. బండి మంచిదే. కాని ఊళ్ళో నడిపినట్టు కొండమీద నడపకండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి" అన్నాడు. నేను తలూపాను. విద్యార్థులు నా క్లాసులో తలూపినట్టే ఊపానని మర్నాడు తెలిసింది.

దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్లు. అంతా పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిదినుంచి ఉదయం ఆరు దాకా చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. లోపల ప్లాస్టిక్కు పారవేయకూడదు, కోతులకు తిండి పెట్టకూడదు, దారిలో బండి దిగి తిరగకూడదు. తుమ్మలబైలు దాటాక వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. టేకు ఆకులు ఎండి రాలుతున్నాయి. దూరాన ఒక చెంచు గూడెం పొగ కనబడింది. మల్లికార్జునుడు తమ ఇంటి అల్లుడని చెంచుల నమ్మకం. అందుకే ఆయన వారికి చెంచు మల్లయ్య.

మా బండి రెండో గేరులో, మూడో గేరులో నెమ్మదిగా ఎక్కింది. నాకు మాత్రం ప్రతి చప్పుడూ కొత్తగా వినిపించింది. నిన్నటిదాకా చెవికి ఆనని మోత, అంకె మారేసరికి రోగంగా తోచింది.

ఆ దారిలో నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకు వచ్చారు. 1830లో చెన్నపట్నంనుంచి కాశీయాత్రకు బయలుదేరినవారు, ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా ఈ కొండ ఎక్కారు. ఆయనది పల్లకీ ప్రయాణం. ఇంజను లేదు, బ్రేకులు లేవు, మనుషుల భుజాలే ఉన్నాయి. ఆ భుజాలు అంతకుముందు ఎన్ని ఆమడలు మోశాయో చెప్పే మీటరూ లేదు. ఆ కాలిబాటన ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా నడిచి వస్తారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరిట ఒక భాగమంతా ఈ క్షేత్రానికే కేటాయించాడు. అంతమంది కాళ్ళతో కొలిచిన కొండను చక్రాలమీద ఎక్కుతూ కిలోమీటర్ల గురించి కుమిలిపోవడం నాకే సిగ్గనిపించింది.

శిఖరేశ్వరం దగ్గర ఆగాము. సముద్రమట్టానికి 2,830 అడుగుల ఎత్తు. ఇక్కడ నందిమీద నువ్వులు పోసి, కొమ్ముల మధ్యనుంచి శ్రీశైల ఆలయ శిఖరాన్ని చూసినవారికి పునర్జన్మ లేదంటారు. "మన బండికి ఆ అవకాశం లేదు నాన్నా. అది ఇప్పటికే రెండో జన్మలో ఉంది" అన్నది మా అమ్మాయి. చాలాసేపటి తరువాత అందరం నవ్వాము.

మెట్ల దగ్గర అమ్మను చెరోవైపు పట్టుకున్నాము. నువ్వులు పోసి చాలాసేపు చూసింది. తరువాత నెమ్మదిగా అన్నది: "అప్పుడు మీ నాన్న చూసి, కనపడింది అన్నారు. నాకు కనపడలేదు. ఆయన అంత సంబరపడుతుంటే ఏం చెప్పను? నాకూ కనపడిందన్నాను. నలభై ఏళ్ళబట్టి ఈ అబద్ధం నా దగ్గరే ఉండిపోయిందిరా."

"ఇప్పుడు కనపడిందా అమ్మా?"

"లేదు. కళ్ళజోడు మార్చాలేమో" అన్నది. అని, మళ్ళీ వంగి చూసింది.

స్వామి దర్శనం ఆ సాయంత్రం హాయిగా జరిగింది. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి ఒకేచోట ఉన్న క్షేత్రమిది. ప్రాకారపు గోడ చుట్టూ చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, మునుల బొమ్మలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. రాత్రి సత్రంలో పడుకున్నాము. మర్నాడు అమ్మను తాడుబండిలో పాతాళగంగకు దింపి కృష్ణ నీళ్ళు నెత్తిన చల్లించాము. తరువాత 885 అడుగుల పూర్తి నీటిమట్టానికి కట్టిన శ్రీశైలం ఆనకట్ట చూశాము. పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటికి మొదలయింది. చీకటి పడకముందే అడవి దాటాలని నా తొందర. దిగుడు వచ్చింది గదా అని నాలుగో గేరులో వేసి, ప్రతి మలుపులోనూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచాను. కొంతసేపటికి ఏదో కాలిన వాసన వచ్చింది. తరువాతి మలుపులో పెడలు తొక్కితే మెత్తగా లోపలికి దిగింది. బండి ఆగలేదు. గుండె ఆగింది. మా ఆవిడ "గేరు! గేరు!" అని అరిచింది. మూడులోకి, రెండులోకి మార్చాను. ఇంజను గట్టిగా మూలిగి బండిని పట్టి ఉంచింది. చేతిబ్రేకు లాగుతూ రోడ్డు పక్క వెడల్పుగా ఉన్నచోట ఆపాను. చక్రాలనుంచి పొగ వస్తోంది.

"దొంగ బండి! మోసం చేసి అంటగట్టాడు" అని స్టీరింగు మీద కొట్టాను.

మా వెనక వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, వాసన చూసే సంగతి గ్రహించాడు. "నీళ్ళు పోయకండి సార్, ప్లేట్లు పగులుతాయి. అరగంట చల్లారనివ్వండి. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే ఆయిలు కాగిపోతుంది. కొత్తబండయినా ఇంతే. రెండులో దిగండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

బండి దిగకూడదు గనక అద్దాలు దించుకుని లోపలే కూర్చున్నాము. అడవి చప్పుడు తప్ప మరేం లేదు. కాసేపటికి మా ఆవిడ మెల్లగా అన్నది: "మీటరు అబద్ధం వాళ్ళది. ఆ కాలు మాత్రం మీదే కదండీ."

నేను జవాబు చెప్పలేదు. నిన్న దోర్నాలలో పెద్దాయన చెప్పిన మాట, ఇవాళ బస్సు డ్రైవరు చెప్పిన మాట ఒకటే. మోసపోయానన్న కోపంలో నా తప్పు కూడా బండి ఖాతాలో రాయబోయాను. అరగంట తరువాత పెడలు మళ్ళీ గట్టిపడింది. రెండో గేరులో, చీమనడకన దిగి, దీపాలు పెట్టేవేళకు దోర్నాల చేరాము. షెడ్డు పెద్దాయన ఇంకా ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అడగలేదు. వాసనే చెప్పి ఉంటుంది.

ఊరు చేరాక కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరు చెప్పి పాత సర్వీసుల లెక్క అడిగాను. అది కూడా నోటుపుస్తకం చెప్పినదే చెప్పింది. ఈ పని కొనకముందే, ఒక్క పూటలో చేసి ఉండవలసింది. కన్సల్టెన్సీ యజమాని మొదట "మేం కొన్నప్పుడే అంత ఉంది సార్" అన్నాడు. వినియోగదారుల కమిషనుకు పెట్టబోయే ఫిర్యాదు నకలు చూపించాక అరవై వేలు వెనక్కు ఇచ్చాడు. దానితో బ్రేకులు, బెల్టులు, క్లచ్చి, నాలుగు టైర్లు మార్పించాను.

అక్కడితో కథ అయిపోలేదు. కొద్ది రోజులకు మా కళాశాలలో ఒక మిత్రుడు బండి మీద మనసుపడ్డాడు. "మీటరు అరవై ఆరేగా చూపిస్తోంది? అయిదు లక్షలకు నేను తీసుకుంటాను" అన్నాడు. అమ్మితే నా నష్టం తీరిపోతుంది. అమ్మాయి ఫీజు గడువు పదిరోజుల్లో ఉంది. నోటుపుస్తకం సంగతి నాకూ, నా ఇంటివాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు స్టాఫు రూములో నోటుపుస్తకం ఆయన చేతిలో పెట్టాను. చదివి, తిరిగి ఇచ్చి, "మూడు లక్షలయితే చూస్తాను" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఫీజుకు సొసైటీలో అప్పు తీశాను.

పాతబండి కొనదలచినవారికి నా అనుభవంకొద్దీ నాలుగు మాటలు. మీటరును ఒక్కదాన్నే నమ్మకండి, పెడలు రబ్బరూ స్టీరింగు తోలూ చూడండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3517 అంటే 2017లో ముప్పై అయిదో వారం. స్టెపినీ మీద కూడా చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పగటి వెలుతురులో స్టార్టు చేయించండి. సర్వీసు లెక్క అడగండి. మీ వీధి మెకానిక్కు వస్తానంటే తీసుకువెళ్ళండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఇప్పుడు మా బండి మీటరు 79,300 చూపిస్తోంది. దాని పక్కన మా ఆవిడ చిన్న తెల్లకాగితం అంటించింది: 'దీనికి 57,240 కలుపుకోవాలి'. నీలిసిరా నోటుపుస్తకంలో 'ఆస్పత్రి' అన్న ఆఖరు పద్దు కింద ఒక గీత గీసి, డీజిలు పోయించినప్పుడల్లా నేను రాస్తున్నాను. మొదటి పద్దు పక్కన 'శ్రీశైలం, అమ్మతో' అని ఉంది.

మొన్న అమ్మకు కళ్ళజోడు మార్పించాము. కొత్తజోడు పెట్టుకుని మొట్టమొదట అడిగిన మాట, "మళ్ళీ శిఖరానికి ఎప్పుడు వెళదాంరా?" అని.